మామిడికాయకు మసక ఎందుకు పట్టింది?

గేమ్‌కి బొమ్మలు సొంతంగా గీసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం మండలంలో ఏప్రిల్, మే నెలలొస్తే ఎటు చూసినా మామిడే. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, ఈ ప్రాంతంవాళ్లు కలెక్టర్ కాయ అని పిలుచుకునే తోతాపురి. ఆ తోటల మధ్య పెరిగిన ఒక ఇంటర్ విద్యార్థి కాయ కోతనే చిన్న మొబైల్ గేమ్‌గా చేయాలనుకున్నాడనుకుందాం. తెరమీద చిక్కం కట్టిన దోటి అటూ ఇటూ కదులుతుంది. పక్వానికొచ్చిన కాయనే తెంపాలి. లేతకాయ తెంపితే మార్కులు పోతాయి. ఆటను నడిపించడానికి గోడో లాంటి గేమ్ ఇంజిన్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇక కావలసింది బొమ్మలు.

ల్యాప్‌టాప్‌లో మామిడికాయను పెద్దగా, తొడిమ దగ్గర సొనచార కూడా కనిపించేలా ముచ్చటగా గీశాడు. గేమ్‌లో పెట్టి చూస్తే మూడు తేడాలొచ్చాయి. సెల్‌ఫోన్‌లో కాయ అంచులు మెట్లుమెట్లుగా విరిగాయి. అదే గేమ్‌ని టీవీకి కలిపితే కాయకు మసక పట్టింది. రెండుచోట్లా కాయ చుట్టూ ఒక తెల్లగీత కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు ఎవరైనా మొదట అనుమానించేది సాఫ్ట్‌వేర్‌నే. ఇంకా మంచిది, ఇంకా ఖరీదైనది వేసుకుంటే సరిపోతుందని స్నేహితులు చెబుతారు. కానీ ఈ మూడు తేడాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటిలో ఒక్కటీ సాఫ్ట్‌వేర్ ధరతో ముడిపడింది కాదు. ఆ కారణాలు తెలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చాలావరకు మనకే అర్థమైపోతుంది. ముందు బొమ్మ సంగతి తేలాలి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ సంగతి.

పది లక్షల చుక్కలు, మూడు వేల ఆరు వందల చోట్లు

1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసే రస్సెల్ కిర్ష్, మూడు నెలల తన కొడుకు ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఫొటోను నిలువునా అడ్డంగా 176 చొప్పున గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి నల్లగా ఉందా తెల్లగా ఉందా అని యంత్రం చేత చదివించాడు. మొత్తం 30,976 గళ్లు. కంప్యూటర్ బొమ్మలన్నీ ఈ రోజుకీ తెరమీద ఇలా గళ్లలోనే కనిపిస్తాయి. ఆ గడినే పిక్సెల్ అంటున్నాం. అప్పట్లో గడికి నలుపు, తెలుపు రెండే. ఇప్పుడు ఒక్కో గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలు, ఆ గడిలోంచి వెనకున్నది ఎంత కనిపించాలో చెప్పే నాలుగో అంకె ఉంటాయి.

ఇప్పుడు మామిడికాయ దగ్గరికి వద్దాం. గీసేటప్పుడు కాయ వెయ్యి పిక్సెళ్ల వెడల్పు, వెయ్యి పిక్సెళ్ల ఎత్తు. అంటే పది లక్షల చుక్కలు. ఫోన్ తెరమీద దానికి దొరికిన చోటు అరవై బై అరవై, అంటే 3,600 చుక్కలే. దాదాపు 278 చుక్కలు చెప్పే సంగతిని ఒకే ఒక్క చుక్క చెప్పాలి. ఆ చుక్కకు ఏ రంగు వేయాలి? ఇంజిన్ ముందు రెండు దారులున్నాయి. ఆ 278లో ఒక చుక్కను ఎంచుకుని మిగతావి వదిలేయడం మొదటిది. ఇలా చేస్తే సన్నటి గీతలు తెగిపోతాయి, అంచులు మెట్లు కడతాయి, సొనచార మాయమవుతుంది. చుట్టుపక్కల చుక్కల రంగులు కలిపి సగటు తీయడం రెండోది. అప్పుడు అంచు మెత్తబడుతుంది కానీ, బొమ్మలో పదును పోతుంది. టీవీమీద జరిగింది దీనికి తిరగేసిన కథ. ఫోన్ కొలతకు కుదించిన చిన్నబొమ్మను పెద్ద చోటులో పరవాలి. లేని చుక్కలను పక్కవాటి సగటుతో పుట్టించాలి. పుట్టించిన చుక్కల్లో కొత్త సమాచారమేమీ ఉండదు కాబట్టి మసక తప్పదు.

దీనికి మందు కూడా ఇక్కడే ఉంది. బొమ్మ తెరమీద ఎంత కనిపిస్తుందో ముందు తేల్చుకుని, ఆ కొలతలోనో, దానికి సరిగ్గా రెట్టింపులోనో గీయాలి. చిన్నబొమ్మను పెంచాల్సివస్తే రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఇలా పూర్ణసంఖ్యల్లోనే పెంచాలి. రెండున్నర రెట్లు పెంచితే కొన్ని చుక్కలకు రెండు గళ్లు, కొన్నింటికి మూడు గళ్లు వచ్చి, కాయ ఒకపక్క లావుగా కనిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా ఈ లెక్క మారదు.

వపా రంగు, బాపు గీత

తెలుగువారి ఇళ్లలో రెండు తరాలు కళ్లప్పగించి చూసిన బొమ్మలు ఇద్దరివి. వడ్డాది పాపయ్య (1921–1992) చందమామ ముఖచిత్రాల్లో ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ కరిగిందో చెప్పలేం. ఆకాశం, చీరకొంగు, బుగ్గమీది ఎరుపు, దేనికీ గట్టి హద్దుండదు. బాపు (1933–2014) బొమ్మలో ప్రాణమంతా గీతలోనే. నాలుగు వంపులు, వంపుల మధ్య నింపిన రంగు. ఈ ఇద్దరి పద్ధతుల మధ్య తేడా మనసుకు పట్టినవారికి, కంప్యూటర్ బొమ్మల్లోని అతిపెద్ద విభజన సగం తెలిసినట్టే.

వపా తరహా బొమ్మను కంప్యూటర్ చుక్కలుగా మాత్రమే దాచుకోగలదు. ప్రతి చుక్కకూ రంగు వేరు. ఇలాంటి పనికి పుట్టినవి కృతా, గింప్, ఫొటోషాప్. బాపు తరహా బొమ్మను మాత్రం ఇంకోలా దాచవచ్చు. గీత ఎక్కడ మొదలైంది, ఎటు వంగింది, ఎంత వంగింది, ఎక్కడ ఆగింది, లోపల ఏ రంగు. కంప్యూటర్ ఇంతే రాసిపెట్టుకుంటుంది. చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఆ వివరాల నుంచి గీతను కొత్తగా గీస్తుంది. అందుకే తపాలాబిళ్లంత తెరమీదైనా, సినిమా హోర్డింగ్ మీదైనా అంచు పదునుగానే ఉంటుంది. దీన్ని వెక్టర్ బొమ్మ అంటారు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ ఇందుకు పూర్తిగా ఉచితంగా దొరికే సాధనం. అడోబీ ఇలస్ట్రేటర్ డబ్బుకి దొరికేది.

అలాగని వెక్టర్‌లో గీసేస్తే ఇక మసక సమస్యే లేదనుకోకూడదు. చాలా గేమ్ ఇంజిన్లు వెక్టర్ బొమ్మను లోపలికి తీసుకునే క్షణంలోనే దాన్ని చుక్కలుగా మార్చేస్తాయి. ఏ కొలతకు మార్చాలో అప్పుడే చెప్పుకోవాలి. ఆ తర్వాత పెంచితే మళ్లీ మసకే. రెండో సంగతి, పదహారు బై పదహారు చుక్కల బుల్లి గుర్తులకు వెక్టర్ అంతగా పనికిరాదు. అంత చిన్నచోట గీత సరిగ్గా రెండు గళ్ల మధ్య పడితే రెండూ సగంసగం రంగు పులుముకుంటాయి. అలాంటివి చుక్కచుక్కగా చేత్తో పెట్టుకోవలసిందే.

చుక్కచుక్కగా పెట్టే కళ

దాన్నే పిక్సెల్ ఆర్ట్ అంటున్నారు. పాతకాలపు యంత్రాల ఇరుకులోంచి పుట్టిన శైలి ఇది. 1980ల నాటి నింటెండో యంత్రంలో తెర మొత్తం 256 బై 240 చుక్కలు. ఎనిమిది బై ఎనిమిది చుక్కల పలకలను పేర్చి దృశ్యం కట్టాలి. కదిలే బొమ్మలో ఒక్కో పలకకు మూడు రంగులు, దానిపైన పారదర్శకం. అంతే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘమూ, నేలమీది పొదా ఒకే బొమ్మ. ఒకచోట తెలుపు, ఇంకోచోట ఆకుపచ్చ. చోటు మిగుల్చుకోవడానికి చేసిన పని అది.

> బాక్స్: మారియోకి మీసం ఎందుకు?
> 1981లో డాంకీ కాంగ్ గేమ్ కోసం నింటెండో డిజైనర్ షిగెరు మియమోతోకు ఒక చిన్న మనిషిని గీయాల్సి వచ్చింది. ముఖానికి దొరికింది కొద్ది చుక్కలే. అందులో నోరు గీస్తే అది నోరని తెలియదు. పెద్ద ముక్కు పెట్టి, కింద మీసం పెట్టాడు. మీసం ఉంటే నోరు అక్కర్లేదు, ముక్కూ స్పష్టమవుతుంది. జుట్టు కదలిక చూపించడం కష్టం కాబట్టి టోపీ పెట్టాడు. చేతులు ఊపుతున్నట్టు తెలియాలంటే చేతి రంగు ఒంటి రంగులో కలవకూడదు కాబట్టి పైన ఇంకో రంగు ఉడుపు తొడిగాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే రూపం చుక్కల కరువులోంచి వచ్చింది.

మొదటిసారి గేమ్ చేస్తున్నవారికి నేను గట్టిగా చెప్పేది ఈ శైలి గురించే. పిక్సెల్ ఆర్ట్ తేలికని కాదు. పదహారు చుక్కల వెడల్పులో దోటి పట్టుకున్న మనిషిని నిలబెట్టడానికి చాలా చూపు కావాలి. కానీ పని పరిమాణం చేతికి అందేంత ఉంటుంది. తప్పు కనిపిస్తే ఒక చుక్క మార్చి చూసుకోవచ్చు. పెన్ టాబ్లెట్ లేకుండా మౌస్‌తోనే గీయవచ్చు. పాత ల్యాప్‌టాప్ చాలు. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు సుమారు నాలుగున్నరేళ్లు ఒంటరిగా కూర్చుని బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామ్ అన్నీ తానే చేసి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ, పొలం పని చుట్టూ తిరిగే పిక్సెల్ ఆర్ట్ గేమే. అది ఇప్పటికి నాలుగు కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. మన మామిడితోటలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఈ పనికి వృత్తివాళ్లు ఎక్కువగా వాడేది ఏస్‌ప్రైట్. డబ్బిచ్చి ఒక్కసారి కొనుక్కోవాలి, నెలనెలా కట్టక్కర్లేదు. దాని పాత ఉచిత రూపం నుంచి చీలి వచ్చిన లిబ్రేస్ప్రైట్ ఉచితం. గోడో ఇంజిన్‌తోనే తయారైన పిక్సెలోరామా కూడా ఉచితమే. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే గీసుకునే పిస్కెల్ ఉంది. నాలుగింటిలోనూ ముఖ్యమైన సదుపాయం ఒకటే. ముందు బొమ్మ లీలగా కనిపిస్తుండగా దానిమీద తర్వాతి బొమ్మ గీయవచ్చు, వెంటనే ఆడించి చూసుకోవచ్చు.

బొమ్మ కదలాలి

ఇక్కడే గేమ్ బొమ్మ, గోడమీది బొమ్మ విడిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఎంపికలో అన్నింటికన్నా బరువైన ప్రశ్న కూడా ఇదే.

మనిషి నడక చూపించడానికి ఎనిమిది బొమ్మలు గీస్తారనుకుందాం. నడక, పరుగు, కోత, జారిపడటం, నాలుగు పనులకు ముప్పై రెండు బొమ్మలు. అంతా అయ్యాక, చొక్కా నీలంగా ఉంటే బాగుండేదని తోచిందా, ముప్పై రెండూ దిద్దాలి. ప్రతి కదలికనూ విడిగా గీసే ఈ పద్ధతిలో అందం ఎక్కువ, చాకిరీ ఎక్కువ. 2017లో వచ్చిన కప్‌హెడ్ గేమ్ కోసం కళాకారులు కాగితంమీద పెన్సిల్‌తో గీసి, సిరా దిద్ది, ఆ తర్వాత ఫొటోషాప్‌లో రంగులు వేశారు. ఒంటరి మనిషి పెట్టుకోదగిన పని కాదది.

రెండో దారి మనకు శతాబ్దాలుగా తెలుసు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మను దగ్గరగా చూడండి. మేకతోలును పలుచగా చేసి, తల, మొండెం, భుజం, ముంజేయి, కాళ్లు విడివిడిగా కత్తిరించి, రంగులు వేసి, కీళ్ల దగ్గర దారంతో కలుపుతారు. చేతికి కట్టిన పుల్లను ఆడిస్తే మోచేయి వంగుతుంది, భుజం తిరుగుతుంది. ఒక్కసారి చేసిన బొమ్మ రాత్రంతా యుద్ధం చేస్తుంది, నాట్యం చేస్తుంది, ఏడుస్తుంది. కొత్త కదలిక కావాలంటే కొత్త బొమ్మ అక్కర్లేదు, పుల్లను ఇంకోలా ఆడిస్తే చాలు. ఈ కళలో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. పాత్రను పది పన్నెండు ముక్కలుగా గీస్తారు. ఒక్కో ముక్క వెనక కంటికి కనిపించని ఎముక పెడతారు. భుజం ఎముక తిప్పితే దానికి కలిసున్న ముంజేయి, అరచేయి వెంట వస్తాయి. మొదటి భంగిమ, చివరి భంగిమ చెబితే మధ్యవి లెక్కగట్టుకునేది కంప్యూటరే. చొక్కా రంగు మార్చాలంటే మొండెం ముక్క ఒక్కటి మారిస్తే చాలు. స్పైన్ అనే సాఫ్ట్‌వేర్ ఇందుకోసమే ఉంది, కొనుక్కోవాలి. గోడోలో ఈ సదుపాయం లోపలే ఉంది, పైసా ఖర్చు లేదు. ముక్కలు గీయడానికి ఇంక్‌స్కేప్ చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అందులో ప్రతి ఆకారమూ విడిగానే ఉంటుంది.

దీని లోపం కూడా తోలుబొమ్మ లోపమే. పక్కకు చూస్తున్న బొమ్మ మనవైపు తిరగలేదు. ఎనిమిది దిక్కులకూ తిరిగే పాత్ర కావాలంటే త్రీడీ వైపు వెళ్లడం మేలు. రెడ్డిగూడెం ఉన్న జిల్లాలోనే ఉన్న కొండపల్లి బొమ్మల్లాంటి గుండ్రటి, కొద్ది రంగుల పాత్రలకు ఇది బాగా నప్పుతుంది. బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి ఆకారం కట్టి, ఎనిమిది వైపుల నుంచి ఫొటోలు తీసినట్టుగా బొమ్మలు తీసుకుని, మామూలు టూడీ గేమ్‌లో వాడుకోవచ్చు. 1994లో డాంకీ కాంగ్ కంట్రీ బొమ్మలు త్రీడీ నుంచి తీసి పెట్టినవే. బ్లెండర్ కథ కూడా తెలుసుకోదగ్గది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడితే, 2002లో ప్రపంచం నలుమూలల అభిమానులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి ఆ ప్రోగ్రామ్‌ను అందరిదీ చేశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌తోనే తీశారు.

తెల్లగీత ఎక్కడినుంచి వచ్చింది?

మామిడికాయ గుండ్రం, కానీ బొమ్మ ఫైలు ఎప్పుడూ నాలుగు మూలలదే. కాయ చుట్టూ మిగిలిన మూలలు కనిపించకూడదు. అందుకే ప్రతి చుక్కకూ ఆ నాలుగో అంకె, పారదర్శకత. జేపీఈజీ ఫైల్లో ఈ అంకెకు చోటే లేదు. పీఎన్‌జీలో ఉంది. విండోస్ 10 వరకు వచ్చిన పెయింట్ ప్రోగ్రామ్‌కు పారదర్శకత తెలియదు. గ్రామాల్లో చాలా కంప్యూటర్లలో గీయడానికి కనిపించేది అదే కాబట్టి, ఎంత బాగా గీసినా కాయ వెనక తెల్లపలక మిగిలిపోతుంది.

ఆ తెలుపును తర్వాత చెరిపితే? కాయ అంచున పసుపూ తెలుపూ కలిసిన చుక్కలుంటాయి. తెలుపును మాత్రమే చెరిపితే ఈ లేతపసుపు చుక్కలు మిగిలి, పచ్చటి ఆకుల మీద తెల్లగీతలా మెరుస్తాయి. మొదటినుంచీ పారదర్శకమైన పొరమీదే గీస్తే ఈ బాధ ఉండదు. కృతా, గింప్, ఏస్‌ప్రైట్, పిక్సెలోరామా అన్నింటిలోనూ ఈ సదుపాయం ఉంది.

ఇంకో జాగ్రత్త. బొమ్మను స్నేహితుడికి వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది జేపీఈజీగా మారి, పారదర్శకత పోయి, అంచులు పాడవుతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి.

ఫోన్‌కి అయ్యే బరువు

పీఎన్‌జీ ఫైలు డిస్కులో కొన్ని వందల కేబీలే ఉండొచ్చు. ఆటలో అది విప్పుకుంటుంది. చుక్కకు నాలుగు బైట్లు. 2048 బై 2048 బొమ్మ ఫోన్ మెమరీలో 16 ఎంబీ ఆక్రమిస్తుంది, అందులో ఒక్క మామిడాకు ఉన్నా సరే. నడకకు 1024 బై 1024 బొమ్మలు ఎనిమిది పెడితే 32 ఎంబీ. అవే 128 బై 128లో గీస్తే మొత్తం అర ఎంబీ. ఆడేవారిలో చాలామంది చేతిలో ఉండేది తక్కువ ర్యామ్ ఫోను. గీసే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే లెక్క. కృతాలో 4000 బై 4000 కాన్వాస్‌మీద ఒక నిండుపొర 64 ఎంబీ. ఇరవై పొరలైతే 1,280 ఎంబీ. పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టేముందు కాన్వాస్ కొలత చూసుకోవాలి.

ఆకుల్లో కాయ కనిపించాలి

పక్వానికి రాని మామిడికాయ పచ్చన, ఆకు పచ్చన. తోటలో కళ్లు కాయను వెతుక్కుంటాయి. ఆటలో అంత సమయం ఉండదు. పైగా ఆడేవాడు ఎండలో నిలబడి ఫోన్ చూస్తుంటాడు. దృశ్యం గీశాక ఒకసారి రంగులన్నీ తీసేసి నలుపు-తెలుపులో చూడండి. కాయ, ఆకు ఒకే బూడిదరంగులో కలిసిపోతే, రంగు మారినా లాభం లేదు, వెలుతురు తేడా పెంచాలి. ఆకులను ముదురుచేసి కాయను లేతగా ఉంచాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా కంటికి ఆనని పురుషులు చాలామంది ఉంటారు కాబట్టి, పండిన కాయకు రంగుతోపాటు ఇంకో గుర్తు, ఒక మెరుపో చిన్న కదలికో పెట్టడం న్యాయం. గింప్‌లోనూ కృతాలోనూ బొమ్మను బూడిదరంగులోకి మార్చి చూడటం క్షణం పని.

తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

గేమ్ పేరు, బటన్లు, మాటలు తెలుగులో ఉండాలనుకుంటే, నా దృష్టిలో ఉండే తీరాలి, సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఇంకో జల్లెడ పడుతుంది. కంప్యూటర్ ‘స్త్రీ’ అనే అక్షరాన్ని ఆరు సంకేతాల వరసగా దాచుకుంటుంది. వాటిని చూసి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడిదీర్ఘం దేనిమీదకు ఎక్కాలో తేల్చే ప్రోగ్రామ్ వేరే ఉండాలి. ప్రపంచంలో ఎక్కువచోట్ల ఆ పని చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రామ్. అది లేనిచోట పొల్లులు విడిపోయి, వత్తులు చెల్లాచెదురై, తెలుగు చదవలేనట్టు తయారవుతుంది. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 నుంచి ఇది లోపలే ఉంది. ఇంక్‌స్కేప్, గింప్ కూడా తెలుగును సరిగ్గా కూరుస్తాయి. మీరు ఎంచుకున్నది ఏదైనా సరే, మొదటిరోజే ‘స్త్రీ’, ‘క్ష్మ’, ‘ర్కొ’ టైపు చేసి చూడండి.

మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. వాటిలో కూర్చిన మాటలు గేమ్‌లో పిచ్చి గుర్తులుగా వస్తాయి. రామభద్ర, మండలి, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గేమ్‌లో వాడుకునేందుకు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. గేమ్ పేరును అందంగా తీర్చాలంటే ఇంక్‌స్కేప్‌లో ఆ ఫాంట్‌తో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, వంపులు మీకు నచ్చినట్టు దిద్దుకోండి.

పిక్సెల్ ఆర్ట్ గేమ్ చేసేవారికి ఇక్కడ అదనపు చిక్కుంది. ఇంగ్లిష్ పెద్దక్షరం ఐదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తులో ఒదుగుతుంది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు, కొన్నిసార్లు వత్తుకింద ఇంకో వత్తు. ఆ ఏడు చుక్కల్లో ఇవన్నీ పట్టవు. అందుకని బటన్ల ఎత్తు మొదట్లోనే పెంచుకోవాలి, లేదా బొమ్మలు పిక్సెల్ ఆర్ట్‌లో ఉంచి అక్షరాలను మామూలు నునుపు ఫాంట్‌లో పెట్టాలి. తెలుగు పిక్సెల్ అక్షరాలు దిద్దే పనికి మన కళాకారులు పూనుకుంటే మంచి సేవ అవుతుంది.

డబ్బు, హక్కులు

ఫొటోషాప్ 1990లో వచ్చింది. 2013 నుంచి కొత్త రూపాలను నెలవారీ, ఏడాది చందాకే ఇస్తున్నారు. గొప్ప సాధనమే. జీతమిచ్చే స్టూడియోలో అది వాడుతుంటే నేర్చుకోవాలి కూడా. కానీ మొదటి గేమ్‌కి ఆ చందా అక్కర్లేదు. దొంగ కాపీ అసలే వద్దు. అది చట్టవిరుద్ధం కావడం ఒకటి, దానితోపాటు వైరస్‌లు రావడం ఇంకొకటి. వీటన్నిటికన్నా పెద్ద నష్టం, గేమ్ అమ్మే రోజున మీ పనిని మీరు ధైర్యంగా చూపించుకోలేకపోవడం.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీస్తే బొమ్మలు కూడా అందరివైపోతాయనే భయం కొందరికుంది. అది నిజం కాదు. కృతా, గింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్ లైసెన్సు షరతులు ఆ ప్రోగ్రామ్‌లకే వర్తిస్తాయి. మీరు గీసిన బొమ్మ మీదే. అమ్ముకోవచ్చు.

మాటల్లో రాసిస్తే బొమ్మలు పుట్టించే ఏఐ సంగతీ చాలామంది అడుగుతున్నారు. ఒక్క బొమ్మ అందంగా వస్తుంది. అదే మనిషి, అదే చొక్కా, అదే పొడుగు ఎనిమిది భంగిమల్లో తేడా లేకుండా రావడమే కష్టం, గేమ్‌కి కావలసింది అదే. పైగా గేమ్‌లు అమ్మే స్టీమ్ దుకాణం 2024 జనవరి నుంచి గేమ్‌లో ఏఐ బొమ్మలు వాడితే ఆ సంగతి చెప్పాలంటోంది. నేర్చుకునే వయసులో చేత్తో గీయడమే మేలని నా నమ్మకం.

> బాక్స్: ఏ బొమ్మకు ఏది?
> బుల్లి బొమ్మలు, పాతకాలపు గేమ్ అందం కావాలంటే లిబ్రేస్ప్రైట్ లేదా పిక్సెలోరామా. డబ్బు పెట్టగలిగితే ఏస్‌ప్రైట్.
> గట్టి అంచులు, విడిముక్కల పాత్రలు, బటన్లు, తెలుగు శీర్షికలకు ఇంక్‌స్కేప్.
> నీటిరంగుల్లాంటి నేపథ్యాలకు కృతా. నేలమట్టి, గడ్డి లాంటివి అంచులు కలిసేలా పరచడానికి అందులో ప్రత్యేక సదుపాయముంది. కీబోర్డుమీద డబ్ల్యూ నొక్కితే చాలు.
> తోటలో తీసిన ఫొటోను కత్తిరించి వాడాలంటే గింప్. 2025 మార్చిలో దాని మూడో తరం వచ్చింది.
> అన్ని దిక్కులకూ తిరగాల్సిన పాత్రకు బ్లెండర్.
> ఫోన్ తప్ప ఏమీ లేకపోతే ఐబిస్ పెయింట్, పిక్సెల్ స్టూడియో యాప్‌లు. గోడో కూడా ఆండ్రాయిడ్‌లో నడుస్తుంది.

హైదరాబాద్‌లో ఛోటా భీమ్‌ని తీర్చిన గ్రీన్ గోల్డ్, క్రికెట్ గేమ్ చేసిన హిట్‌వికెట్ లాంటి సంస్థల్లో గీసేవారు, కదిలించేవారు, ప్రోగ్రామ్ రాసేవారు వేర్వేరుగా ఉంటారు. ఇంట్లో ఒంటరిగా చేసేవారికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి, ఒక శైలి, ఒక సాఫ్ట్‌వేర్, ఒక ఇంజిన్ పెట్టుకుని మొదటి గేమ్ పూర్తయ్యేదాకా మార్చకుండా ఉండటం తెలివైన పని. ముందు రంగుడబ్బాలనే కాయలుగా, గీతనే దోటిగా పెట్టి ఆట సరదాగా ఉందో లేదో చూసుకోండి. కెన్నీ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఎందుకైనా వాడుకోదగిన బొమ్మలు వేలకొద్దీ ఉచితంగా ఉన్నాయి, అవి తాత్కాలికంగా పెట్టుకోవచ్చు. ఆట కుదిరాక అసలు బొమ్మలు గీయండి. అప్పటికి ఏ బొమ్మ ఎన్ని చుక్కల్లో, ఎన్ని భంగిమల్లో కావాలో మీకే తెలుస్తుంది.

స్కూలు, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకునే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. కృతా, ఇంక్‌స్కేప్, పిక్సెలోరామా, గోడో నాలుగూ ఒక్క పెన్‌డ్రైవ్‌లో పడతాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి, లైసెన్సు రుసుము లేదు. గోడోకి ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, ఫైలు విప్పి నడపడమే. వేసవి సెలవుల్లోగా ఈ నాలుగింటినీ ల్యాబ్ కంప్యూటర్లలో వేసి ఉంచండి, గీయాలనుకున్న పిల్లలను కూర్చోనివ్వండి.